నాలుగు గళ్ళ కాగితం: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

చదువు పూర్తి కావస్తున్న ప్రతి విద్యార్థినీ ఒక ప్రశ్న వెంటాడుతుంది. పై చదువుకు పోవడమా, పోటీ పరీక్షలకు కూర్చోవడమా, దొరికిన కొలువులో చేరడమా, ఊరికి పోయి సేద్యం చూసుకోవడమా? మన వరంగల్లులో ఈ చర్చ జరగని హాస్టలు గది ఉండదు. కామర్సు, మేనేజిమెంటు చదివే మిత్రులు దీనికొక దారి చెబుతారు. 1960 దశకంలో అమెరికాలో వ్యాపార సంస్థల కోసం రూపు దిద్దుకున్న ‘స్వాట్’ పద్ధతి అది. కాగితం మీద నాలుగు గళ్ళు గీసి, ఒకదాంట్లో బలాలు, రెండోదాంట్లో బలహీనతలు, మూడోదాంట్లో అవకాశాలు, నాలుగోదాంట్లో ముప్పులు రాసుకోవాలి. మొదటి రెండూ మనలోనివి. తక్కిన రెండూ బయటివి.

ఫ్యాక్టరీకి పనికొచ్చిన ఈ లెక్క మనిషి బతుక్కి పనికొస్తుందా? ఈ పద్ధతి పుట్టకముందే కన్నుమూసిన ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితాన్ని ఈ గళ్ళలో పెట్టి చూద్దాం.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇంట్లో లేమి. బడి మీద మనసు నిలిచేది కాదు. పదమూడో ఏట, డబ్బు సంపాదించాలని కాశీకి పారిపోబోయి దొరికిపోయారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తరువాత సన్యాసం వైపు మనసు మళ్ళింది గాని, చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువు ఖర్చులో కొంత కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు భరించారు. వారి కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు గారి వివాహం జరిగింది. గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలోకి వెళ్ళినందుకు ఆంగ్లేయ ప్రొఫెసరు ఆగ్రహించాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ రోజులు గడిపారు. ఈ మధ్యలోనే స్ప్రూ అనే ఉష్ణమండలపు పేగు జబ్బు ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకుంది.

ఇక 1922 నాటి కాగితం నింపుదాం. బలాలు: మొండి పట్టుదల, వైద్య పరిశోధన మీద తీరని దాహం. బలహీనతలు: చిన్న పట్టా, ఖాళీ జేబు. అవకాశం: అమెరికాలోని హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు, ప్రయాణానికి మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సొమ్ము. ముప్పులు: ఉపకారవేతనం లేని పరాయి దేశం, ఇంటి దగ్గర గర్భవతి అయిన భార్య. గళ్ళు చూసి నిర్ణయించమంటే మనలో చాలామందిమి ఆగిపోయేవాళ్ళం. సోదరులను తీసుకుపోయిన జబ్బును మాత్రం ఆయన భయపెట్టే ముప్పుగా చూడలేదు, తాను చేయవలసిన పనిగా తీసుకున్నారు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు.

అక్కడ ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ, రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తమూత్రాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి వెలువరించారు. బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అంటే తెలియనిది కాదు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి.ల మీద కూడా వారిద్దరూ పనిచేశారు. 1930లో పి.హెచ్.డి. వచ్చింది. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు.

1940లో రెండో పెద్ద నిర్ణయం. పేరున్న విశ్వవిద్యాలయాన్ని విడిచి లెడర్లే మందుల కంపెనీలో చేరారు. పరువు తక్కువని ఎవరైనా అనుకోవచ్చు. కాని ప్రయోగశాలలు, మనుషులు, డబ్బు అక్కడున్నాయి. ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వాన జరిగిన పని చూడండి. 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను కబళించిన స్ప్రూకు అదే మందయింది. ఈనాడు మన పల్లెల్లో గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలో కలిసి ఉండేదీ అదే. బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. తెలంగాణ జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. రక్త క్యాన్సరు పిల్లలకు తొలిసారి ఉపశమనం చూపిన అమినాప్టెరిన్, ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా ఆ ప్రయోగశాలలవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన నిద్రలో మరణించారు.

ఇంతవరకు లెక్క బాగానే తేలింది. కాని ఈ కాగితానికి ఒక లోటు ఉంది. మూడేళ్ళలో తిరిగి వస్తానన్న మనిషి మళ్ళీ స్వదేశం ముఖం చూడలేదు. కొడుకు పుట్టి, తండ్రి ఎత్తుకోకముందే పసితనంలోనే పోయాడు. శేషగిరి గారు ఇరవై ఆరేళ్ళు ఎదురుచూశారు. నాలుగు గళ్ళలో ఆమెను ఎక్కడ రాయాలి? భర్త కాగితంలో ఆమె ‘ముప్పు’ గడిలో ఒక ముక్కగా మిగిలింది. ఆమె కాగితం వేరే ఉంది, దాన్ని ఎవరూ నింపలేదు. ఆయన మందులతో బతికినవారు లెక్కలేనంత మంది. దానివల్ల ఆమె బాకీ తీరిపోయిందని చెప్పే అధికారం మనకు లేదు.

కనుక మిత్రులారా, స్వాట్ గళ్ళు తప్పక గీయండి. బలహీనతల గడిలో దాచుకోకుండా రాయండి. మూడుసార్లు పరీక్ష రాసినవాడు, చిన్న పట్టావాడు ఏం చేయగలిగాడో చూశాం కదా. అయితే గళ్ళు నిండాక కాగితం మడిచి జేబులో పెట్టుకోకండి. నా నిర్ణయానికి మూల్యం ఎవరు చెల్లిస్తారు అని అడుగున ఒక వరుస రాసి, ఆ పేరుగల మనిషి చేతికే కాగితం ఇవ్వండి. అమ్మ కావచ్చు, చదువు మానుకున్న చెల్లెలు కావచ్చు. వాళ్ళు చదివి ఏమంటారో విన్న తరువాతే టిక్కెట్టు కొనండి.