కన్నీళ్లలో దొరికిన పిలుపు: మదర్ జ్ఞానమ్మ

చదువు కోసం, ఉద్యోగం కోసం మన అమీర్‌పేటకు వచ్చి గదుల్లో ఉంటున్న యువతీయువకులను రోజూ చూస్తున్నారు కదా. పరీక్ష తప్పగానే తమ బతుకు ముగిసిందనుకునేవారు వారిలో ఉన్నారు. మీ ఇంట్లోనూ ఉండవచ్చు. వారికి ఈ తల్లి జీవితం చెప్పండి.

జ్ఞానమ్మగారు 1822లో గుంటూరు ప్రాంతపు ఫిరంగిపురంలో జన్మించారు. గాలి ఇన్నయ్యగారిని వివాహమాడారు. తెలుగు కతోలికులు వలస వెళ్లి స్థిరపడిన కీలచ్చేరి గ్రామంలో, మద్రాసుకు సమీపాన, కాపురమున్నారు. ఐదుగురు కుమారులు కలిగారు. 1859లో భర్త మరణించారు. ఆ రోజుల్లో వితంతువుకు మిగిలేది ఇంట్లో ఓ మూల మాత్రమే.

జ్ఞానమ్మగారు ఆ మూలలో మిగిలిపోలేదు. ప్రార్థనను ఆశ్రయించారు. ఆడపిల్లకు చదువెందుకని లోకం అడిగే కాలంలో, 1863లో కీలచ్చేరిలో బాలికలకు బడి తెరిచారు. ఆమె సేవ నుండే పునీత అన్నమ్మగారి కన్యస్త్రీల సభలు పుట్టాయి. 1874 డిసెంబరు 21న ఆమె ప్రభువును చేరారు. శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది.

విశ్వాసం ఆమె భర్తను తిరిగి తెచ్చి ఇవ్వలేదు. అయినా నాలుగేళ్లకే ఆమె చుట్టూ పిల్లలు పలకలు పట్టుకుని కూర్చున్నారు. సిలువను దాటి లేచిన క్రీస్తునాథుడు, తనను నమ్మినవారిని శోకంలోనే చేయిపట్టి నడిపిస్తాడు. మన రక్షణ ఆ చేతిలో ఉంది.

ఈ ఆదివారం దివ్యపూజకు వెళ్లేటప్పుడు, దిగులుగా ఉన్న ఒకరిని వెంట తీసుకువెళ్లండి. తిరిగి వచ్చాక వారికి అన్నం పెట్టి, వారు చెప్పేది చివరిదాకా వినండి.