అల్ఫోన్సీనా స్ట్రాడా చరిత్రము

ఇటలీ దేశపు ఉత్తరభాగమున ఆల్ప్స్ పర్వతములకును అపెనైన్ పర్వతములకును నడుమ పో నది ప్రవహించు విశాలమైన మైదానము గలదు. ఆ మైదానపు దక్షిణభాగమున నున్నది ఎమిలియా సీమ. అచట నేల అరచేతివలె సమముగ నుండును. గోధుమ చేలు, మొక్కజొన్న చేలు, ద్రాక్షతోటలు, బారులు దీరిన పోప్లరు చెట్లు, మెల్లగా పారు కాలువలు, వరదల నాపుటకై కట్టిన ఎత్తైన గట్లు, ఇవియే కనుచూపుమేర గానవచ్చును. శీతకాలమున మంచు దట్టముగ గ్రమ్మి పది బారల దూరమున నున్న మనుష్యుడైనను కనబడడు.

ఈ కాలమున ఆ సీమకు బైసికిళ్లపై విహరించుటకై అనేక దేశములనుండి జనులు పోవుచున్నారు. బొలోన్యా నగరమునుండి వెరోనాకు పూర్వము నడచిన రైలుమార్గమున పట్టాలు తీసివేసి, మిరాండొలా మొదలుకొని బొలోన్యా సమీపము వరకు 46 కిలోమీటర్ల బైసికిలు బాటను నిర్మించి 2021వ సంవత్సరమున తెరచిరి. దానిపై మోటారుబండ్లకు ప్రవేశము లేదు. పక్షుల కూతలును చక్రముల సన్నని సడియు దప్ప అచట పెద్ద ధ్వనులు వినబడవు. తల్లులు బిడ్డలను వెంటబెట్టుకొని నిశ్చింతగా ఆ దారిని పోవుదురు. వారిని చూచి వింతపడువారెవరును లేరు. కాని నూట ఇరువది యేండ్ల క్రిందట ఆ సీమయందే ఒక పేదబాలిక బైసికిలెక్కి పోవుచుండగా చూచినవారు దయ్యమును చూచినట్లు బెదరి సిలువగుర్తు వేసికొనెడివారట. ఆ బాలిక చరిత్రమే నేనిచట వ్రాయబూనినది.

అల్ఫోన్సీనా మొరీని 1891వ సంవత్సరము మార్చి 16వ తేదీన కాస్టెల్‌ఫ్రాంకో ఎమిలియాకు చేరిన రియోలో గ్రామమున జన్మించెను. తండ్రి కార్లో, తల్లి విర్జీనియా. వారు పొలముపనులు చేసికొని జీవించు నిరుపేదలు, సంతానమా, పెక్కుమంది. 1901వ సంవత్సరమున తండ్రి ఎవరియొద్దనో కొన్ని కోళ్లకు బదులుగా ఒక పాత బైసికిలును సంపాదించి యింటికి దెచ్చెనని చెప్పుదురు. పనికి పోయి వచ్చుటకై తెచ్చిన ఆ బండి, ఆయన ఇంట నున్నంతసేపు పదేండ్ల కూతురిదయ్యెను.

సమభూమిపై బైసికిలు నడపుట సులభమని మనమందరము తలంతుము. కొంతదూరము వరకు అది నిజమే. కాని దీర్ఘప్రయాణము చేసినవారికి వేరొక సంగతి తెలియును. కొండదారిలో ఎక్కుట యెంత కష్టమైనను, దిగునపుడు కాళ్లకు విశ్రాంతి దొరకును. మైదానమున దిగుట యన్నది లేదు. త్రొక్కుట మానినచో బండి కొలది సేపటికే నిలిచిపోవును. ఎదురుగాలి వీచునప్పుడు దానికి అడ్డుపడు గుట్ట యొక్కటియైనను ఉండదు. ఎంత త్రొక్కినను దూరపు గంటగోపురము దగ్గర కాదు. కావున ఆ నేలపై నేర్చినవారికి వేగముకంటె ముందు ఓర్పు అలవడును. నిర్జనమైన తెల్లని దుమ్ముబాటలు ఈ బాలికకు ఆ పాఠమునే నేర్పినవి. ఆమె జీవితమున తరువాత జరిగిన దానికంతయు మూలమిదియేయని నా యభిప్రాయము.

పదుమూడేండ్ల ప్రాయముననే ఆమె పందెములలో పాల్గొనసాగెను. గెలిచిన తొలి బహుమానములలో ఒకటి బ్రదికియున్న పందియట! పేదవారి యింట అది చిన్న ధనము గాదు. ఆదివారమున దేవాలయమునకు పోవుచున్నానని తల్లితో చెప్పి పందెములకు పోయెడిదని ఆమె చరిత్రకారులు వ్రాసియున్నారు. ఆ పని నేను మెచ్చుకొనజాలను. మన విద్యార్థినులు దీనిని అనుకరింపవలదు. అయినను నిజము చెప్పినచో ఇంట బైసికిలు దొరకదను భయమే ఆ పిల్లచేత అబద్ధమాడించెను. అట్టి భయమునకు కారకులైన పెద్దలకును ఆ దోషమున కొంత భాగము కలదని తల్లిదండ్రులు ఆలోచింతురుగాక.

పెండ్లియైనచో ఈ పిచ్చి వదలునని ఇంటివారు తలచిరి. వరుడు లువీజీ స్ట్రాడా లోహములపై చెక్కడపు పని చేయువాడు. అతడు భార్య కిచ్చిన పెండ్లికానుక యొక క్రొత్త పందెపు బైసికిలు! ఇటలీ భాషలో స్ట్రాడా యనగా బాట యని యర్థము. ఆమెకు అంతకంటె తగిన యింటిపేరు వెదకినను దొరకదు. భర్త ఆమెను నిరోధింపకపోగా అభ్యాసమున తోడ్పడెను. 1909వ సంవత్సరమున రష్యాదేశపు సెంట్ పీటర్స్‌బర్గు నగరమునకు పందెమునకై పోయి, జారు చక్రవర్తి రెండవ నికొలాసు చేతిమీదుగా పతకము నందెను. 1911లో మొంకాల్యెరియందు ఒక్క గంటకాలమున 37 కిలోమీటర్లకు పైగా నడపెను.

1917వ సంవత్సరము నవంబరు నెల వచ్చెను. కపొరెట్టో యుద్ధమున ఇటలీసేన ఓడి కొద్దిదినములే యయ్యెను. యువకులనేకులు యుద్ధభూమి యందుండిరి. లొంబార్డీ పందెమునకు పోటీదారులు చాలినంతమంది లేరు. అల్ఫోన్సీనా పందెము నడపు పత్రికాకార్యాలయమునకు పోయి తన పేరు వ్రాసికొమ్మని యడిగెను. నిబంధనల పుస్తకమున స్త్రీలు కూడదను వాక్య మెచటను లేదు. అట్టి వాక్య మవసరమగునని వ్రాసినవారికి తోచనేలేదు కాబోలు! ఆమె నడపెను. గెలిచినవానికంటె దాదాపు గంటన్నర ఆలస్యముగ, చిట్టచివరివారితో కలిసి గమ్యము చేరెను. సగములో మానివేసిన మగవా రెందరో ఆమె వెనుక నుండిరి. మరుసటి యేట మరల పోటీచేసి మరల పూర్తిచేసెను.

ఇక 1924. ఇటలీ దేశమంతయు చుట్టివచ్చు జీరో డిటాలియా పందెమున ఆ యేడు పెద్ద పెద్ద వీరులు సొమ్ము విషయమున తగవులాడి రాలేదు. పత్రికాధిపతియైన ఎమీలియో కొలంబో అల్ఫోన్సీనాను చేర్చుకొనెను. ప్రకటించిన జాబితాలో ఆమె పేరు చివరి అచ్చు లోపించి అల్ఫోన్సీన్ అని పడినందున స్త్రీయో పురుషుడో తెలియకుండెను. ఆమె సంఖ్య 72. మే 10వ తేదీన మిలాను నగరమునుండి 90 మంది బయలుదేరిరి. మొత్తము 3,613 కిలోమీటర్లు, పండ్రెండు భాగములు; ఒక్కొక్క భాగము సుమారు మూడువందల కిలోమీటర్లు. చీకటిలోనే బయలుదేరి దినమంతయు త్రొక్కవలెను. రోడ్లు రాళ్లతోను బురదతోను నిండియుండెను. టైరు చెడినచో ఎవరి బండి వారే బాగుచేసికొనవలెను.

లాక్విలా నుండి పెరూజియాకు పోవు భాగమున గాలివానకు అనేక పర్యాయములు పడెను. బండి హేండిలు విరిగిపోయెను. పల్లెలో దొరికిన చీపురుకర్ర ముక్కను దానికి బదులు కట్టుకొని సాగెను. పెరూజియా చేరునప్పటికి నియమితకాలము దాటిపోయెను. ఆమెను తొలగింపవలెనని కొందరు, ఉంచవలెనని కొందరు న్యాయనిర్ణేతలు వాదించిరి. తుదకు లెక్కలో చేర్చకయే సాగనిచ్చిరి. బసఖర్చులు కొలంబో భరించెను. బహుమానపు టాశ లేదు, పట్టికలో పేరు లేదు. మానివేసినచో ఎవరును నిందింపరు. అయినను మరునాటి ప్రయాణమునకు ఆమె సిద్ధమయ్యెను.

బొలోన్యానుండి ఫ్యూమే నగరమునకు 415 కిలోమీటర్లు. అది ఆమె చిన్ననాటి మైదానమునుండియే బయలుదేరు దారి. పడి గాయపడి, నొప్పితో ఏడ్చుచు ఆలస్యముగ ఫ్యూమే చేరగా, అంతవరకు కాచుకొనియున్న ప్రజలు ఆమెను బండినుండి దింపి భుజములపై నెత్తుకొనిరి. జూన్ 1వ తేదీన మిలానులో పందెము ముగిసెను. జూసెప్పె ఎన్రీచి గెలిచెను. లెక్కకు మిగిలినవారు 30 మంది. లెక్కలో లేని అల్ఫోన్సీనాయు మిలాను చేరెను.

ఆ దినములలో భర్త మతిచెడి చికిత్సాలయమున నుండెను. ఆమె సంపాదించిన సొమ్ము అతని పోషణకు వినియోగపడెను. తరువాతి యేండ్లలో ఎన్నిమార్లడిగినను జీరో పందెమున ఆమెను చేర్చుకొనలేదు. పొట్టకూటికై సర్కసులలోను, ఇతర పందెములలోను బైసికిలు నడపెను. లువీజీ 1946లో మరణించెను. 1950లో ఆమె కార్లో మెస్సోరియను పూర్వపు పందెగానిని వివాహమాడి, మిలానులో బైసికిళ్ల దుకాణము నడపెను. అతడును 1957లో చనిపోయెను.

1959వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన వరేసె ప్రాంతమున ఒక పందెమును చూచి తన మోటారుసైకిలుపై ఇల్లు చేరెను. ఆ బరువైన బండితో పెనగులాడుచుండగా గుండె ఆగి మరణించెను. ఆమె ప్రాయము అరువది యెనిమిదేండ్లు. కోమో సరస్సు సమీపమున గిసాల్లో కొండపై బైసికిలువారి ప్రార్థనాలయ మొకటి గలదు. అచట గొప్ప వీరుల బైసికిళ్లను భద్రపరచియున్నారు. మైదానమున పుట్టిన అల్ఫోన్సీనా బైసికిలు నేడు ఆ కొండపై నున్నది.