అంకెలకు రూపమిచ్చిన విలియం ప్లేఫెయిర్

విద్యార్థులారా! పఠన పరీక్ష జరిగినపుడెల్ల మీలో ఒక్కొక్కరు నిమిషమునకు ఎన్ని మాటలు తప్పులేక చదివితిరో ఉపాధ్యాయులు పట్టికలో వ్రాసికొనుట మీరెరిగినదే. నేడా పట్టికను కంప్యూటరులో స్ప్రెడ్‌షీటున వ్రాసినచో, క్షణములో అంకెలన్నియు గీతలుగను, కమ్మీలుగను, వృత్తములుగను మారి కన్నులకు గట్టుచున్నవి. ఈ చిత్రములకు మూలపురుషుడు విలియం ప్లేఫెయిర్.

ఇతడు 1759వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన స్కాట్లండు దేశమున, డండీ పట్టణమునకు సమీపమందలి బెన్వీ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు. 1772లో తండ్రి మరణింపగా బాలుడైన విలియం పోషణభారము అన్న జాన్ మీద పడెను. జాన్ తరువాతి కాలమున ఎడింబరో విశ్వవిద్యాలయమున గణితాచార్యుడై ప్రసిద్ధి గాంచెను. సమాంతర రేఖలను గూర్చిన ప్లేఫెయిర్ స్వీకృతము ఆయన పేరిటనే వెలసినది. ఆయన తమ్మునిచే ప్రతిదినము ఉష్ణమాపకమును చూపించి, ఆ అంకెలను వ్రాయించి, వానిని గీతగా దిద్దించుచుండెను. అంకెలలో చెప్పదగినదెల్ల గీతలలో చూపదగునను సత్యము విలియమునకు ఈ చిన్న అభ్యాసమువలననే అలవడెను.

పిదప అతడు ధాన్యము నూర్చు యంత్రమును నిర్మించిన ఆండ్రూ మీకిల్ వద్ద పని నేర్చెను. 1777లో బర్మింగుహాము చేరి, ఆవిరియంత్ర నిర్మాత జేమ్సు వాట్‌కు సహాయకుడై యంత్రముల పటములు గీచెను. కొన్నియేండ్లకు ఆ కొలువు వీడి లండనులో వెండిసామానుల వ్యాపారము పెట్టెను గాని, అది నిలువలేదు.

1786లో అతడు ప్రకటించిన వాణిజ్య రాజకీయ పటసంపుటము అతని కీర్తికి పునాది. అందు 44 చిత్రములు గలవు. వానిలో 43 చిత్రములు కాలక్రమమున లెక్కలు హెచ్చుతగ్గులగుటను గీతలతో చూపునవి. కాని స్కాట్లండు వర్తకమునకు అతనికి ఒక్క సంవత్సరము లెక్కలే లభించెను. ఒక్క బిందువుతో గీత యెట్లు గీయుట? అతడు నిరాశ చెందక, 17 దేశములకు వేరువేరుగా కమ్మీలు నిలిపెను. లేమినుండి పుట్టిన ఆ యుపాయమే నేటి కమ్మీ చిత్రము. 1801లో మరియొక గ్రంథమున, టర్కీ సామ్రాజ్యము మూడు ఖండములలో ఎంతెంత వ్యాపించెనో తెలుపుటకు వృత్తమును భాగములుగా విభజించి చూపెను. 1821లో, అరువది దాటిన వయసున, గోధుమల ధరను, పనివాని కూలిని సుమారు 250 ఏండ్లకు ఒకే చిత్రమున చేర్చెను.

ఇంతటి బుద్ధిశాలియు ధనవిషయమున వివేకి కాలేకపోయెను. పారిసులోను, లండనులోను చేసిన వ్యాపారములు చెడి, అప్పులపాలై, 1823 ఫిబ్రవరి 11వ తేదీన లండనులో పేదరికముననే మరణించెను. అతని చిత్రములకు స్వదేశమున తగిన గౌరవము చాలకాలము దొరకలేదు. నేడు వానిని వాడని కార్యాలయము గాని, పాఠశాల గాని అరుదు.

ఈ చరిత్ర మన కెట్లుపకరించును? ఒక బాలుడు జూన్, జూలై, ఆగస్టు నెలలలో నిమిషమునకు 30, 38, 47 మాటలు చదివెననుకొందము. మరియొకడు 70, 70, 69 చదివెను. ఇరువురి సగటు 50, 54, 58. సగటును మాత్రమే చూచినచో ఇరువురును ముందుకు సాగుచున్నట్లు తోచును. మార్కులను మాత్రమే చూచినచో మొదటివాడు మందుడని తోచును. ఇద్దరికి రెండు గీతలు గీచి చూడుడు. మొదటివాని గీత మెట్లెక్కుచున్నది. రెండవవాని గీత నిలిచిపోయినది. ప్రోత్సాహము ఒకనికి, హెచ్చరిక మరొకనికి కావలెను. క్రొత్తగా బడిలో చేరినవానికి పాత లెక్కలుండవు. వానికి ఒక్క పరీక్షను చూపు కమ్మీ చాలును. తరగతిలో ఏ స్థాయివారెందరో వృత్తము తెలుపును. అయితే కొలత సున్నతో ప్రారంభింపని కమ్మీ, చిన్న భేదమును కొండంతగా చూపి మోసగించునని మరువరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. మన పిల్లలు వీధిలో ఒక భాష, బడిలో ఒక భాష పలుకుచు పెరుగుచున్నారు. తెలుగు చదువుటలో తొలుత తడబడుట సహజము. పొరుగింటివాని అంకెతో వాని అంకెను పోల్చి చిన్నబుచ్చకుడు. వాని నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చుడు. కంప్యూటరు లేకున్నను చింత లేదు. గళ్ల కాగితము, పెన్సిలు, నెలకొకసారి అయిదు నిమిషముల తీరిక చాలును. తండ్రిలేని బాలునకు అన్న నేర్పిన విద్యయు ఇంతకంటె ఎక్కువ సామగ్రిని కోరలేదు.