ఇందూరుకు వచ్చి డిచ్‌పల్లిలో నిలిచిన డాక్టరమ్మ

కుష్ఠురోగుల సేవలో ఇసబెల్ కెర్ జీవితం

గోదావరిఖని: వైద్యపట్టా పుచ్చుకొని తొలిసారి చిన్న దవాఖానలో అడుగుపెట్టిన వారికి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. కళాశాలలో పక్కన ఆచార్యులుంటారు, పరికరాలుంటాయి. ఇక్కడ గుమ్మం వద్ద బారులు తీరిన రోగులుంటారు, బీరువాలో నాలుగు రకాల మందులుంటాయి. బొగ్గుగనుల ప్రాంతానికి ఈ ముచ్చట ఇక కొత్తది కాబోదు. 2022లో రామగుండంలో వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడ చదువు ముగించే యువతీ యువకులలో పలువురు పనిచేయవలసినది చిన్న దవాఖానలలోనే. అటువంటివారు తెలుసుకోదగిన ఒక జీవితం పాత కరీంనగర్ జిల్లాకు పొరుగునే, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో గడిచింది. ఆమె పేరు డాక్టర్ ఇసబెల్ కెర్.

స్కాట్లాండ్‌లో 1875లో జన్మించిన ఆమె పుట్టింటి పేరు గన్. ఆ దేశపు విశ్వవిద్యాలయాలు స్త్రీలకు తలుపులు తెరిచినదే 1892లో. ఆ తర్వాత పదేళ్లు దాటగానే, 1903లో, అబర్డీన్ విశ్వవిద్యాలయం నుంచి ఆమె వైద్యపట్టా పొందారు. ఆడపిల్ల డాక్టరు కావడమే వింతగా చూసే రోజులవి. క్రైస్తవ బోధకుడు జార్జి కెర్‌ను వివాహమాడి, 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను తరఫున భర్తతో కలిసి నిజాం రాజ్యానికి తరలివచ్చారు.

ఆనాటికి గోదావరిఖని అనే పట్టణమే లేదు. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందులో మొదలై అక్కడే సాగుతుండేది. రామగుండం ప్రాంతంలో గనులు తెరవడానికి ఇంకా యాభై ఏళ్లకు పైగా ఉంది. ఇందూరుగా పిలిచే ఊరు నిజామాబాద్‌గా మారుతున్న కాలమది. కచేరీలో ఉర్దూ, ఊళ్లో తెలుగు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ల నుంచి, రాత్రి హెచ్చుతుందా పగలు హెచ్చుతుందా అని అడిగి తెలుసుకోనిదే ఏ వైద్యమూ సాగదు. పరభాషలో చదివివచ్చిన డాక్టరుకు నాడి చూడటం కన్నా ముందు నేర్వవలసినది రోగి మాట. ఈ మాట నేటికీ వర్తిస్తుంది. మన పల్లెల్లో కడుపుల మంట, గుండెల దడ, నరాల గుంజుడు అన్న మాటలకు ఏ పాఠ్యగ్రంథంలోనూ అర్థం దొరకదు.

మందులేని రోగం

జ్వరాలు, కాన్పులు, కురుపులు, కంటి జబ్బులు చూడటానికి సిద్ధపడి వచ్చిన ఆమెకు ఇక్కడ అడుగడుగునా కనిపించినది కుష్ఠు. పెద్దరోగం అనీ, మహావ్యాధి అనీ జనం దానిని పేరు పెట్టి పిలవడానికే జంకేవారు. పూర్వజన్మ పాపమని కొందరు, దేవుని శాపమని కొందరు. మచ్చ కనిపించిన నాటి నుంచి రోగి దానిని దాచేవాడు. దాచలేని స్థితి వచ్చాక ఇంటివారే వెళ్లగొట్టేవారు. మామూలు దవాఖానలో అతనికి మంచం ఇస్తే పక్క మంచం రోగి లేచిపోతాడు. అందువల్ల వైద్యశాల గుమ్మం దాకా వచ్చినవానిని కూడా లోపలికి తీసుకోలేని ఇరకాటం వైద్యులది.

రోగ స్వభావాన్ని కొంత వివరించవలసి ఉంది. కుష్ఠు సోకినవానికి నరాలు దెబ్బతిని స్పర్శ నశిస్తుంది. కాగిన గిన్నె పట్టుకున్నా చెయ్యి కాలినట్లు తెలియదు. అరికాలిలో ముల్లు దిగినా నడక ఆగదు. గాయం పుండై, పుండు ఎముకకు చేరి, వేళ్లు కురచబడతాయి. వేళ్లను రోగమే తినివేస్తుందని లోకం అనుకునేది. ఆ నష్టంలో అధికభాగం తెలియకుండా తగిలిన గాయాల వల్ల కలుగుతున్నదేనని తర్వాతి కాలంలో వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ వంటివారు నిరూపించారు. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. అయితే దానిని చంపే మందు మాత్రం ఇసబెల్ వచ్చిన నాటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. పట్టా ఉంది, చదువు ఉంది, చేతిలో మందు లేదు. డాక్టరుకు ఇంతకన్నా నిస్సహాయ స్థితి మరొకటి ఉండదు. పుండ్లు కడగడం, కట్లు కట్టడం, అన్నం పెట్టి నీడనివ్వడం, ఆనాడు చేయగలిగినది ఇంతే.

ఆ నీడ కోసం 1911లో నిజామాబాద్‌లో కుష్ఠురోగులకు ఒక చిన్న కేంద్రం తెరిచారు. హైదరాబాద్‌లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కన్నుమూసి ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన సంవత్సరమే అది. చోటు కొద్దిరోజులకే చాలకపోయింది. ఒకరిని చేర్చుకుంటే ఆ కబురు విని మరికొందరు వచ్చేవారు. ఈ దశలో ఆదుకున్న దాత రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, మిషను క్రైస్తవులది. ఆయన ఇచ్చిన భారీ విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠువ్యాధి ఆసుపత్రి వెలిసింది. ప్రాచీన రామాలయంతో పేరుగాంచిన ఆ ఊరికి విక్టోరియా ఆసుపత్రి మరో గుర్తుగా మారింది. విదేశీ దంపతుల పేరు తలచినన్నిసార్లు నర్సాగౌడ్ పేరు తలవకపోవడం మన లోపమే. కట్లు ఉతికినవారు, రాత్రిళ్లు కాపలా ఉన్నవారు, కాంపౌండర్లుగా పనిచేసిన స్థానికులు చరిత్రలో బొత్తిగా కనిపించరు.

మిషను సేవలో మతప్రచారం కలిసి ఉండేదన్నది దాచవలసిన విషయం కాదు. దానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఏ అభిప్రాయం ఉన్నవారైనా, కన్నవారే ముట్టని చేతులను ఆమె ముట్టి కట్టు కట్టిన సంగతి మాత్రం కాదనలేరు.

నూనె సూదులు

కుష్ఠుకు మన దేశంలో పూర్వం నుంచి వాడుకలో ఉన్నవి చాల్మోగ్రా, హిడ్నోకార్పస్ గింజల నూనెలు. మన పాతకాలపు వైద్యులు నీరడి విత్తులన్నవి ఈ రెండవ జాతివే. నోటితో తాగితే వాంతి ఆగదు. కలకత్తాలో సర్ లియొనార్డ్ రోజర్స్, తరువాత డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఆ మందును సూది ద్వారా ఎక్కించే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఈ చికిత్సను డిచ్‌పల్లి అందిపుచ్చుకుంది. సూది పడినచోట వాపు, నొప్పి. నెలలు కాదు, ఏళ్ల తరబడి తీసుకోవాలి. మ్యూర్ బోధించిన మరో సూత్రం ఉంది. నూనె ఒక్కటే చాలదు. మంచి తిండి, శరీరశ్రమ, ఇతర జబ్బులకు ముందుగా వైద్యం కూడా కావాలన్నది ఆయన వాదం.

ఫలితం సంపూర్ణం కాదు. ముదిరిన రోగం లొంగేది కాదు. తొలిదశలో వచ్చినవారిలో మాత్రం మేలు కనిపించేది. అసలు మార్పు ఇక్కడే వచ్చిందని చెప్పవచ్చు. వైద్యం ఉందని తెలిశాక, మచ్చను దాచుకునేవారు దానిని చూపించుకోవడానికి వచ్చే దారి పడింది. చావడానికి చేరే చోటు, చికిత్సకు వచ్చి తిరిగి వెళ్లే చోటుగా మారడం మొదలైంది. దేశంలోని కుష్ఠు వైద్యుల నడుమ డిచ్‌పల్లి పేరు వినిపించసాగింది. 1923లో కెర్ దంపతులకు కైజర్-ఇ-హింద్ పతకం లభించింది.

ఇరవై ఐదేళ్లు ఇదే గడ్డపై గడిపిన ఇసబెల్ 1932లో డిచ్‌పల్లిలోనే కన్నుమూశారు. ఒక రోగం కోసం కట్టిన దవాఖాన ఆమెతో పాటు మూతపడలేదు.

ఆ దవాఖానకు 1920లలో వచ్చిన ఒక యువ వైద్యుని ప్రస్తావన ఇక్కడ అవసరం. ఆయన పేరు జాన్ లో. డిచ్‌పల్లిలో నూనె సూదులు వేస్తూ కుష్ఠును దగ్గరగా చూసిన ఆయన, తర్వాత కలకత్తా ఉష్ణమండల వైద్య కళాశాలకు, అక్కడి నుంచి కొన్నేళ్లకు ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లారు. డాప్సోన్ అనే మందును తక్కువ మోతాదులో మాత్రగా మింగిస్తే కుష్ఠు లొంగుతుందని 1940ల చివర అక్కడి ఉజువాకోలి కేంద్రంలో చూపినవారిలో ఆయన ముఖ్యులు. కారుచౌక మాత్ర అది. దానితో నీరడి నూనె సూదుల కాలం ముగిసింది. 1980ల నుంచి బహుళ ఔషధ చికిత్స వచ్చి, ఆరు నెలల నుంచి ఏడాది వరకు మందు వాడితే రోగం నయమయ్యే స్థితి ఏర్పడింది. ఆ మందులు నేడు ప్రభుత్వ దవాఖానలలో ఉచితంగా ఇస్తున్నారు. స్పర్శ తెలియని మచ్చ ఒంటిపై కనిపిస్తే చూపించుకోవడమే తరువాయి.