సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. పాఠశాల ఉపాధ్యాయుడిగా జీవితం ప్రారంభించిన ఈయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును దేశంలోని మేటి జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. భారత జట్టు శిక్షకుడిగా 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకాలను, 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానాన్ని సాధించిపెట్టాడు. ఆటగాళ్ళు ఈయనను రహీం సాహెబ్ అని గౌరవంగా పిలిచేవారు.

విద్య, ఉపాధ్యాయ వృత్తి

రహీం నిజాం పాలనలోని హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. పట్టభద్రుడైన తరువాత ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ మాధ్యమిక పాఠశాల, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైన చోట్ల పనిచేశాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పాఠశాలల్లో ఆటల బాధ్యతను కూడా స్వీకరించాడు. అదే కాలంలో నగరంలోని కమర్ క్లబ్బు తరఫున స్థానిక పోటీలలో ఆడేవాడు.

ఆటగాడిగా ఈయన జాతీయ స్థాయికి చేరలేదు. ఈయన ప్రతిభ నేర్పడంలోనే బయటపడింది. తరగతి గదిలో విద్యార్థి బలహీనతను గుర్తించి సరిదిద్దే ఉపాధ్యాయుని పద్ధతినే మైదానంలోనూ అనుసరించాడు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

1943లో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. ఆనాడు భారతదేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే అభిప్రాయం బలంగా ఉండేది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులకు ఉన్న ఆదరణ హైదరాబాదు క్లబ్బులకు లేదు. సిటీ పోలీసు ఆటగాళ్ళు పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తూ ఆడే ఔత్సాహికులు.

ఇటువంటి జట్టు రహీం శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలుచుకొంది. 1950లో డ్యూరాండ్ కప్పు తుది పోటీలో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954, 1957 సంవత్సరాలలో మళ్ళీ ఆ కప్పును సాధించింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా పేరు మారి 1961లో మరొకసారి డ్యూరాండ్ కప్పు గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాదు 1956-57, 1957-58లలో వరుసగా రెండు సార్లు గెలిచింది.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, యూసుఫ్ ఖాన్, సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం మొదలైనవారు ఈయన వద్ద ఆట నేర్చుకొన్నారు. పేద కుటుంబానికి చెందిన బలరాం అంత దూరం నుండి సాధనకు రాలేని స్థితిలో ఉండగా సైకిలు అద్దెకు డబ్బు రహీమే ఇచ్చి రప్పించాడు. ఆ బలరాం 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగేరీ, పెరూ జట్లపై గోల్స్ చేశాడు.

శిక్షణ పద్ధతి

ఆ కాలంలో బంతిని ఎక్కువసేపు తన కాళ్ళవద్దే ఉంచుకొని ఒక్కడే ముందుకు తీసుకుపోవడం గొప్ప ఆటగా భావించేవారు. రహీం దీనికి భిన్నంగా బంతిని వెంటనే సహచరునికి అందించడం, ఖాళీ స్థలంలోకి పరుగెత్తడం నేర్పాడు. ఇందుకోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను నిర్వహించాడు. రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడగలగాలని పట్టుపట్టేవాడు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్పులో ప్రసిద్ధం చేసిన 4-2-4 అమరికను భారత జట్టులో ప్రవేశపెట్టాడు.

భారత జట్టు

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల తుది పోటీలో మేవాలాల్ చేసిన గోల్‌తో భారత్ 1-0 తేడాతో ఇరాన్‌ను ఓడించింది. మరుసటి సంవత్సరం హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో మాత్రం యుగోస్లేవియా చేతిలో 1-10 తేడాతో ఘోరంగా ఓడిపోయింది. అక్కడి చలిలో పలువురు భారత ఆటగాళ్ళు బూట్లు లేకుండా ఆడారు. ఈ పరాజయం తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

1956లో మెల్బోర్న్‌లో నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ సాధించగా భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచింది. సెమీఫైనల్‌లో యుగోస్లేవియా చేతిలోనూ, కాంస్య పతకం పోటీలో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగవ స్థానం పొందింది. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1గా సమం చేసినా మొదటి దశ దాటలేకపోయింది.

1962 జకార్తా ఆసియా క్రీడలు

ఈ క్రీడల నాటికి రహీం క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. భారత్ తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయిలాండ్, జపాన్ జట్లపై నెగ్గింది. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టలేదు. దక్షిణ వియత్నాంతో జరిగిన సెమీఫైనల్‌లో ఫార్వర్డ్‌గా దింపాడు. అతడు ఒక గోల్ చేయగా భారత్ 3-2తో గెలిచింది.

ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా అనుమతించకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి.సోంధీ ఆక్షేపించినందున స్థానిక ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. సెప్టెంబరు 4న సుమారు లక్షమంది ప్రేక్షకుల వ్యతిరేక నినాదాల మధ్య తుది పోటీ జరిగింది. తమను ఓడించిన దక్షిణ కొరియాయే మళ్ళీ ప్రత్యర్థి. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం సాధించింది.

మరణం

ఆ విజయం తరువాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం మరణించాడు. అప్పటికి ఈయన వయస్సు 53 సంవత్సరాలు.

వారసత్వం

రహీం కుమారుడు ఎస్.ఎస్.హకీం 1960 ఒలింపిక్ జట్టు సభ్యుడు, అంతర్జాతీయ రెఫరీ. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందిన హకీం 2021లో మరణించాడు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ప్రారంభమయ్యేనాటికి రహీం మరణించి 22 సంవత్సరాలు గడిచాయి. ఈయన జీవితం ఆధారంగా 2024లో హిందీలో మైదాన్ చలనచిత్రం విడుదలైంది.

రహీం తరువాత ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 ఆసియా క్రీడలలో కాంస్యం పొందిన భారత జట్టుకు హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వం వహించాడు. అయితే ప్రతిభగల ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు తరలిపోవడం రహీం కాలంలోనే మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. వెళ్ళినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేయగల గురువు లేకపోవడంతో హైదరాబాదు ఫుట్‌బాల్ క్రమంగా క్షీణించింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ సాధించిన బంగారు పతకాలు రెండే. ఆ రెండూ రహీం శిక్షణలో వచ్చినవే.