నేల మీద ఎగిరిన విమానం: ఎడ్విన్ లింక్ జీవితం

మన గోడపత్రికలో అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్, అబ్దుల్ కలాం గార్ల జీవితాలు చదివాం. ఈసారి నేను ఎడ్విన్ లింక్ గురించి రాస్తున్నాను. విమానాలు నడిపేవాళ్లలో ఈ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆయన పేరు నిలబెట్టింది ఆకాశంలో ఎగిరే విమానం కాదు, నేల మీదే కదిలే విమానం.

ఎడ్విన్ లింక్ 1904 జూలై 26న అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, హంటింగ్టన్ ఊళ్లో పుట్టాడు. 1910లో వాళ్ల కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హాంటన్‌కి వచ్చింది. దివాలా తీసిన ఒక వాయిద్యాల కంపెనీని తండ్రి కొని నడిపాడు. అందులో పియానోలు, ఆర్గాన్లు తయారయ్యేవి. అప్పటివి మూగ సినిమాలు. హాల్లో బొమ్మ నడుస్తుంటే పక్కన ఆర్గాన్ వాయించేవారు. ఆర్గాన్ అంటే పెద్ద హార్మోనియం లాంటిదనుకోండి. తిత్తుల్లోంచి గాలి గొట్టాల్లోకి పోతే స్వరం పలుకుతుంది. మన ఊళ్లలో కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదడం మనలో చాలామంది చూశాం. ఆ తిత్తిని బాగా గుర్తుపెట్టుకోండి, దానితో ముందు పని ఉంది.

పిల్లవాడు పుస్తకాల కన్నా పనిముట్ల దగ్గరే ఎక్కువ ఉండేవాడు. కాలేజీ చదువు చదవలేదు. ఆర్గాన్లు విప్పడం, బిగించడం, గాలి ఎక్కడ కారుతోందో వెతకడం, ఇదే ఆయన చదువు.

1920లో, పదహారేళ్ల వయసులో, మొదటిసారి విమానం పాఠానికి వెళ్లాడు. ఫీజు 50 డాలర్లు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు. నేర్పించాల్సిన పైలట్ ఆకాశంలో పల్టీలు కొట్టించాడు, గిరగిరా తిప్పాడు, ఇళ్ల మీదుగా కిందికి పోనిచ్చాడు, తీసుకొచ్చి దింపేశాడు. అంతసేపట్లో కుర్రవాడి చెయ్యి ఒక్కసారి కూడా కంట్రోళ్ల మీద పడలేదు. బండి తోలడం నేర్పుతానని చెప్పి పగ్గాలు చేతికివ్వకపోతే ఎలా ఉంటుంది? అలాగే అయ్యింది.

అయినా వదలలేదు. ఎలాగో ఒకలా విమానం నేర్చుకున్నాడు. సెస్నా కంపెనీ మొట్టమొదట అమ్మిన విమానాన్ని కొన్నది ఈయనే. దానితో ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించేవాడు, పాఠాలు చెప్పేవాడు. కానీ ఒక ఆలోచన మాత్రం బుర్రలోంచి పోలేదు. నేర్చుకునేవాడు ఆకాశంలో పొరపాటు చేస్తే ప్రాణం పోతుంది. పొరపాటు చెయ్యకుండా ఎవడూ నేర్చుకోలేడు. మరి పొరపాటు చెయ్యడానికి ఒక చోటు ఉండాలి కదా!

తండ్రి ఫ్యాక్టరీ కింది గదిలో ఆ చోటును తయారుచేశాడు. సుమారు ఏడాదిన్నర పట్టింది. చిన్న చెక్క విమానం, పొట్టి రెక్కలు, లోపల ఒక మనిషికి సీటు. కింద ఆర్గాన్ తిత్తులు. చేతి కర్ర ఎడమకి నొక్కితే ఎడమ పక్క తిత్తిలోంచి గాలి పోయి అది ముడుచుకుంటుంది, విమానం ఎడమకి వాలుతుంది. కర్ర వెనక్కి లాగితే ముక్కు పైకి లేస్తుంది. ఇంకో గాలి మోటారు దాన్ని చుట్టూ తిప్పుతుంది. అంటే ఆర్గాన్‌లో స్వరం పలికించిన గాలే ఇక్కడ విమానాన్ని ఊపుతుంది. 1929లో పేటెంటుకి దరఖాస్తు చేశాడు, 1931లో వచ్చింది.

ఎవరూ కొనలేదు. ఫ్లయింగ్ స్కూళ్లవాళ్లు దాన్ని ఆటబొమ్మ అనుకున్నారు. చివరికి ఎగ్జిబిషన్లలో, పార్కుల్లో రంగులరాట్నం పక్కన పెట్టి, డబ్బులిచ్చి ఎక్కే ఆటగా అమ్ముకోవలసి వచ్చింది. ఇంకోవైపు మాట్లాడే సినిమాలు రావడంతో ఆర్గాన్ల గిరాకీ కూడా పడిపోయింది. 1931లో మారియన్ క్లేటన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె పత్రికా విద్య చదువుకున్న మనిషి. తర్వాత అన్ని పనుల్లోనూ ఆయనకి తోడుగా నిలిచింది.

1934లో పరిస్థితి మారింది. ఆ ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ఉత్తరాలు మోసే పనిని సైన్యం విమానాలకి అప్పగించింది. అది చలికాలం. మంచు, మబ్బు, రాత్రి ప్రయాణం. కొన్ని వారాల్లోనే పది మందికి పైగా సైనిక పైలట్లు చనిపోయారు. వాళ్లకి ధైర్యం లేక కాదు. బయట ఏమీ కనపడనప్పుడు మీటర్లు చూసి నడపడం వాళ్లకి ఎవరూ సరిగా నేర్పలేదు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. మన చెవి లోపల చిన్న గొట్టాల్లో ద్రవం ఉంటుంది. మనం ఎటు తిరుగుతున్నామో అదే చెబుతుంది. కానీ ఒకే తీరుగా కాసేపు తిరుగుతూ ఉంటే ఆ ద్రవం కదలిక ఆగిపోతుంది. అప్పుడు తిన్నగా పోతున్నట్టే అనిపిస్తుంది. మబ్బులో ఉన్న పైలట్ విమానం పక్కకి వాలి కిందికి జారిపోతున్నా, తాను తిన్నగానే ఉన్నాననుకుంటాడు. తన ఒంటిని నమ్మకుండా ముందున్న మీటర్‌ని నమ్మాలి. అది చెబితే వచ్చేది కాదు, చేసి చేసి అలవాటు కావాలి. లింక్ పెట్టెకి పైన మూత ఉండేది. మూత వేస్తే లోపల బయటి ప్రపంచం కనపడదు, మీటర్లు మాత్రమే కనపడతాయి. పక్కన గురువుగారి బల్ల మీద మ్యాపు పరిచి ఉంటుంది. దాని మీద మూడు చక్రాల చిన్న బండి నడుస్తూ, శిష్యుడు ఎటు పోయాడో సిరాతో గీత గీస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో దిగాక ఇద్దరూ చూసుకోవచ్చు.

సైన్యం అధికారులు ఆయన్ని న్యూఆర్క్ విమానాశ్రయానికి పిలిచారు. ఆ రోజు దట్టమైన పొగమంచు. ఈ వాతావరణంలో రాలేడులే అనుకున్నారు. ఆయన మాత్రం మీటర్లు చూసుకుంటూ విమానం నడిపి వచ్చి దిగాడు. అంతకన్నా రుజువు ఏం కావాలి? సైన్యం ఆరు పెట్టెలు కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి నీలం రంగు పెట్టె, పసుపు రెక్కలు ఉన్న ఈ లింక్ ట్రైనర్లు పదివేలకు పైగా తయారయ్యాయి. ఐదు లక్షల మందికి పైగా వీటిలో శిక్షణ పొందారు. తర్వాత చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో యాత్రికులు సాధన చేసిన సిమ్యులేటర్లు తయారుచేసింది కూడా ఆయన స్థాపించిన కంపెనీ నుంచి వచ్చిన విభాగమే. మన హైదరాబాద్‌లో అప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్ల శిక్షణ కేంద్రంలో ఉండిన పెద్ద సిమ్యులేటర్లు కూడా ఈ వంశంలోవే.

లింక్ చనిపోయిన మరుసటి ఏడాది, 1982లో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. అప్పటి నుంచి ఈ పెట్టె ఇళ్లలోకి వచ్చేసింది. నేను దాన్ని విజయవాడ వన్ టౌన్‌లో చూశాను. మా చిన్నాన్న కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర హమాలీ పని చేస్తాడు. సెలవులకి అక్కడికి వెళ్లినప్పుడు, ఇంటివాళ్ల అబ్బాయి కంప్యూటర్లో నడుపుతుంటే చూసి నేనూ కూర్చున్నాను. అందులో ఉన్నది సైటేషన్ సిజె4 అనే చిన్న బిజినెస్ జెట్. పది మంది లోపు ప్రయాణికులు పడతారు, ఒక్క పైలట్ నడపవచ్చు, 45 వేల అడుగుల దాకా ఎక్కుతుంది, గంటకి 835 కిలోమీటర్ల వరకూ పోగలదు. దాన్ని రూపొందించింది సెస్నా కంపెనీయే. లింక్ మొదటి విమానం కొన్న కంపెనీ!

గన్నవరంలో లేచి పడమటికి తిరిగితే మూడు నిమిషాల్లో వన్ టౌన్ వచ్చేస్తుంది. కింద ఇంద్రకీలాద్రి, కొండ వాలు మీద ఇళ్లు, కృష్ణ, ప్రకాశం బ్యారేజి. లేవడం తేలికే. జెట్‌ని దింపడమే కష్టమని ఆ అన్న చెప్పాడు. దానికి ముందు పంకా ఉండదు. థ్రాటిల్ వెనక్కి లాగినా వేగం తొందరగా చావదు. అందుకని దిగడం గురించి చాలా ముందు ఆలోచించాలి. వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు అని లెక్క. శంషాబాద్ నుంచి గన్నవరానికి 30 వేల అడుగుల ఎత్తులో వస్తుంటే 90 మైళ్ల ముందే, అంటే నల్గొండ దగ్గరే, దిగడం మొదలుపెట్టాలి. నల్గొండలో మరిచిపోతే విజయవాడలో అనుభవించాలి. ఆ అన్న సంక్రాంతి ముందు వచ్చేలాంటి పొగమంచు కూడా పెట్టి చూపించాడు. కృష్ణ లేదు, కొండ లేదు, తెర అంతా తెలుపు. మీటర్లు మాత్రమే ఉన్నాయి. కొత్తగా కూర్చున్న ఎవరైనా అక్కడ విమానాన్ని పొలాల్లో దింపేస్తారు. అయితే ఒక మీట నొక్కితే మళ్లీ గన్నవరం రన్‌వే మీద ఉంటారు. లింక్ కోరుకున్నది ఇదే కదా అని నాకు తర్వాత తెలిసింది.

ఆయన జీవితం ఇక్కడితో ఆగలేదు. 1954లో కంపెనీని అమ్మేసి సముద్రం వైపు తిరిగాడు. మనిషి నీటి అడుగున ఎక్కువసేపు ఉండి పనిచెయ్యడానికి పరికరాలు తయారుచేశాడు. 1962లో ఫ్రాన్స్ దగ్గర ఆయన చేసిన సిలిండర్‌లో ఒక డైవర్ 200 అడుగుల లోతున ఒక రోజుకి పైగా ఉన్నాడు. తర్వాత జాన్సన్ సీ లింక్ అనే చిన్న జలాంతర్గామిని డిజైన్ చేశాడు. 1971లో అది నీట్లోకి దిగింది.

1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ దగ్గర, మునిగిపోయి ఉన్న ఒక పాత యుద్ధనౌక శిథిలాల్లో ఆ జలాంతర్గామి చిక్కుకుంది. లోపల నలుగురు. వెనక గదిలో ఉన్న ఇద్దరిలో ఒకరు లింక్ కొడుకు క్లేటన్. అతని వయసు 31 ఏళ్లు. ఆ గది అల్యూమినియంతో చేసినది. నీటి చలికి తొందరగా చల్లబడింది. వదిలిన ఊపిరిలోని చెడుగాలిని పీల్చుకునే మందు ఆ చలికి సరిగా పనిచెయ్యలేదు. పైకి తీసేసరికి ఒక రోజు దాటిపోయింది. ముందు గదిలో ఇద్దరు బతికారు. వెనక ఇద్దరూ చనిపోయారు.

లక్షల మందికి ప్రాణం కాపాడుకునే విద్య నేర్పిన మనిషి తన కొడుకుని కాపాడుకోలేకపోయాడు. ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. కానీ ఆయన మూసెయ్యలేదు. మళ్లీ పనిముట్ల దగ్గరికే వెళ్లాడు. అలా చిక్కుకున్నవాళ్ల దగ్గరికి మనిషి లేకుండా తాడుతో దిగి, కెమెరాతో చూసి, అడ్డం తీసే యంత్రాన్ని తయారుచేశాడు. ఇంకొకరి బిడ్డకి అలా కాకూడదని. 1981 సెప్టెంబర్ 7న బింగ్‌హాంటన్‌లో చనిపోయాడు.

మిత్రులారా, ఆయన జీవితంలో నాకు అర్థమైంది ఒకటే. చూస్తూ కూర్చుంటే విద్య రాదు, చెయ్యి పెట్టాలి. చెయ్యి పెడితే తప్పు అవుతుంది, ఆ తప్పుని భరించే చోటు పెద్దవాళ్లు కల్పించాలి. మన కంప్యూటర్ గదిలో ఒక్కో సిస్టం ముందు నలుగురం కూర్చుంటాం. ఒకరు మౌస్ పడితే ముగ్గురం చూస్తాం. అందుకని వార్డెన్ గారికి, సార్లకి మా మనవి: ఆదివారం ఒక గంట ఆ గది తెరిస్తే, ఒక్కొక్కరం పదిహేను నిమిషాలు వంతులు వేసుకుంటాం. రిజిస్టర్ మేమే రాస్తాం, తుడిచి తాళం మేమే ఇస్తాం.

- తొమ్మిదో తరగతి విద్యార్థి