కాండీ నగరపు సంస్కర్త సిద్దీ లెబ్బె (రహ్మలై)

మా భైంసాలో పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, అంగట్లో మరాఠీ వినబడతాయి. ఉర్దూ మరచిన పిల్లలు ధర్మాన్నీ మరుస్తారేమోనన్న భయం ఇక్కడి పెద్దల్లో ఉంది. ఉర్దూలోనే దీనీ తాలీమ్ పొందిన మాకూ ఆ భయం కొత్త కాదు. అందుకే ఈ నెల శ్రీలంకకు చెందిన ఒక మహనీయుని జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ముహమ్మద్ ఖాసిం సిద్దీ లెబ్బె 1838లో కాండీలో జన్మించారు. తెలుగు మూలాలున్న నాయకర్ రాజులు 1815 వరకు ఏలిన నగరమే అది. చుట్టూ సింహళ బౌద్ధులు, తమిళ హిందువులు, పైన ఆంగ్లేయ పాలకులు. ముస్లిములూ అందరూ ఒక జాతివారు కారు. అరబ్బు వర్తకుల సంతతిగా చెప్పుకునే మూర్లది తమిళం, మలయ్ ముస్లిములది వారి సొంత భాష. ఇంతమందిని కలిపి ఉంచినది కలిమా ఒక్కటే.

తండ్రిలాగే ఆయన కూడా న్యాయవాది అయ్యారు. ఆ రోజుల్లో మిషనరీ బడికి పంపితే బిడ్డ మతం మారతాడని ముస్లిములు ఆంగ్ల విద్యకే దూరమయ్యారు. ఆ భయం అకారణమైనది కాదు. కానీ సముదాయం దుకాణాలకే పరిమితమైపోయింది. సిద్దీ లెబ్బె బడిని నిందిస్తూ కూర్చోలేదు, తమదైన బడి కావాలన్నారు.

1882లో 'ముస్లిం నేసన్' పత్రిక ప్రారంభించారు. అది అరబీలో కాదు, జనం మాట్లాడే తమిళంలో! 1885లో ఆయన రాసిన 'అసన్‌బే చరిత్రం' తమిళంలో వచ్చిన తొలి నవలల్లో ఒకటి. బ్రిటిషువారు దేశబహిష్కారం చేసిన ఈజిప్టు నాయకుడు అరబీ పాషా 1883లో కొలంబో చేరగా, ఆయన అండ కూడా లభించింది. 1884లో కొలంబోలో తెరిచిన మదరసా కొన్నేళ్ళకే మూతపడింది. ఆయన వెనుదిరగలేదు. వాపిచ్చి మరిక్కార్ వంటివారితో కలసి 1892లో మళ్ళీ తెరిచారు. అదే తర్వాత జాహిరా కళాశాల అయింది. కాండీలో బాలికలకు కూడా బడి పెట్టారు. ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదు.

1888లో పొన్నంబలం రామనాథన్ అనే తమిళ నాయకుడు, మూర్లు జాతిరీత్యా తమిళులేనని వాదించారు. మరుసటి ఏడాదే శాసనమండలిలో ముస్లిములకు ప్రత్యేక స్థానం దక్కింది. జాతి వాదం మాత్రం దశాబ్దాలు నడిచింది. నేటికీ అక్కడి జనాభా లెక్కల్లో మూర్లది వేరు జాతి. భాష ఒకటైనంత మాత్రాన గుర్తింపు కరిగిపోతుందా? సిద్దీ లెబ్బె తమిళాన్ని వదలలేదు, ఆ తమిళంలోనే ధర్మాన్ని బోధించారు.

1898 ఫిబ్రవరి 5న ఆయన పరమపదించారు. మరదానాలో జాహిరా కళాశాల నేటికీ నడుస్తోంది.